ప్రతివాది ఇంట లేడు

కంచరాపేట సబ్ కోర్టులో లెంక సన్యాసిరావు ఇరవై ఆరేళ్లుగా ప్రాసెస్ సర్వరు. కేసు ఎవరి మీద పడిందో వాళ్లింటికి వెళ్లి, కోర్టువారి సమను చేతికిచ్చి, సంతకం పెట్టించుకుని రావడం అతని ఉద్యోగం. ఇందులో వెళ్లడం, ఇవ్వడం, తిరిగి రావడం అని మూడు పనులున్నాయి. మొదటి ఏడాది సన్యాసిరావు మూడూ చేశాడు. రెండో ఏడాది ఒక ప్రతివాది కుక్క అతని పిక్క పట్టుకుంది. అప్పటినుంచి మొదటి రెండూ మానేసి, తిరిగి రావడం మాత్రం ఏనాడూ తప్పకుండా చేస్తూ వచ్చాడు. సాయంత్రం నాలుగయ్యేసరికి సమన్ల కట్టంతా, వాటిని పంచిపెట్టే గుమాస్తా నాజరు గారి బల్ల మీద ఉండేది.

ఆ మధ్యకాలమంతా కోర్టు గేటు ఎదురుగా కూర్మారావు టీ బడ్డీలో గడిచేది. అక్కడి బల్ల మీద కూర్చుని సన్యాసిరావు సమన్ల వెనక రిపోర్టులు రాసేవాడు. దస్తూరీ ముత్యాల్లా ఉండేది.

"నేను సదరు గ్రామం వెళ్లి విచారించగా ప్రతివాది ఇంట లేడు. తలుపు తాళము వేసి యున్నది. ఇరుగుపొరుగువారు ప్రతివాది ఎప్పుడు వచ్చునో తమకు తెలియదనిరి. గనుక సమను వాపసు చేయడమైనది."

అదే సమను రెండోసారి వస్తే, "తలుపునకు అంటించడమైనది, సాక్షి: కూర్మారావు" అని రాసేవాడు. ఆ సంతకాలు నమ్మితే కూర్మారావు ఒకే రోజున పదకొండు ఊళ్లలో పదకొండు తలుపుల ముందు నిలబడి, మధ్యలో మూడుసార్లు టీ కూడా కాచాడు.

ఈ పద్ధతి వల్ల ఎవరికీ ఇబ్బంది లేదు. అవతలి మనిషి రాలేదు కనుక, అతను లేకుండానే ఏకపక్షంగా తీర్పు ఇచ్చేయొచ్చు. దాన్ని కోర్టు భాషలో ఎక్స్‌పార్టీ అంటారు. వాది తరఫు లాయరుకి గెలుపు, జడ్జిగారికి ఒక కేసు తగ్గిన తృప్తి. కొన్నాళ్లకి లబోదిబోమంటూ వచ్చే ప్రతివాదికి ఆ తీర్పు కొట్టేయమని పిటిషన్ వేసుకునే హక్కు, అతని లాయరుకి ఆ పిటిషన్. తనిఖీకి వచ్చిన జిల్లా జడ్జిగారు ఒకరు రిజిస్టర్లు తిరగేసి, "మీ తాలూకాలో జనానికి ఊళ్లు తిరిగే అలవాటు ఎక్కువలా ఉందే" అన్నారు. ఆ సంవత్సరమే సన్యాసిరావుకి ప్రశంసాపత్రం వచ్చింది.

దురదృష్టం ఏమిటంటే, అతను ఇంట్లోనూ ఇదే పద్ధతి పాటించాడు.

భార్య నూకరత్నం జీడిపప్పు ఫ్యాక్టరీలో గ్రేడింగ్ పని చేసేది. గుండు వేరు, బద్ద వేరు, ముక్క వేరు. పగలంతా ఏది ఏదో తేల్చే మనిషికి ఇంట్లో మొగుడి మాటల్లో ఏది గుండో ఏది ముక్కో తేలేది కాదు. ఆమె తండ్రి ఒంట్లో బాగాలేక ఊళ్లోని ఆసుపత్రిలో నాలుగు రోజులున్నాడు. నాలుగో రోజు ఫ్యాక్టరీలో సెలవు దొరక్క సన్యాసిరావుని చూసి రమ్మంది. సాయంత్రం అతను చెప్పులు విప్పుతుంటే అడిగింది.

"మా అయ్యని సూసినావా?"

"సూసినాను. నిద్దరోతన్నాడు. లేపడమెందుకని ఒచ్చీసినాను. పక్క మంచమోళ్లని అడిగితే బాగున్నాడన్నారు."

ఆ అయ్యని మధ్యాహ్నమే ఆసుపత్రి నుంచి పంపించేశారు. ఈ మాటలు జరుగుతున్నప్పుడు ఆయన వీళ్లింట్లోనే లోపలి గదిలో గోడకి ఆనుకుని గంజి తాగుతున్నాడు. అక్కడినుంచే గొంతు వినిపించింది.

"అల్లుడు మంచోడమ్మా. నిద్దరోతన్నానని లేపనేదు."

నూకరత్నం ఏమీ అనలేదు. అంటే బాగుండేదని సన్యాసిరావు తరువాత చాలాసార్లు అనుకున్నాడు. రెండు నెలలకి ముసలాయన పోయాడు. దినాలు కాగానే ఆమె తన బట్టలు ఒక సంచిలో సర్దుకుని, పెదమెట్టలో ఉన్న అక్క ఇంటికి వెళ్లిపోయింది. అక్కడి ఫ్యాక్టరీలోనే పనికి కుదిరింది.

తనే వస్తుందిలే అనుకున్నాడు సన్యాసిరావు. కోర్టులో ఎవరైనా "వెళ్లి పిలిచావుటయ్యా?" అని అడిగితే, "ఎల్లినాను. తాళమేసుంది" అనేవాడు. అలా ఏడాదిన్నర గడిచింది.

నూకరత్నం విడాకులకి కేసు వేసింది.

సమను తయారై నాజరు గారి దగ్గరికి వచ్చింది. ఆయన కాగితం మీద పేరు చూడడు, వీధి చూస్తాడు. సన్యాసిరావు ఉండే వీధి నాలుగో బీటు. నాలుగో బీటు సన్యాసిరావుది. సమను సన్యాసిరావు కట్టలో పడింది.

సన్యాసిరావు కూడా పేరు చూడడు. పేర్లు చూస్తే జాలి కలుగుతుంది, జాలి కలిగితే పని సాగదు అని అతని సిద్ధాంతం. వాయిదా తేదీ ఒకటి చూసుకుని, కాగితం తిప్పి, తను స్వయంగా తన ఇంటికి వెళ్లాడనీ, తను ఇంట లేడనీ, తను ఎప్పుడు వచ్చేదీ ఇరుగుపొరుగువారికి తెలియదనీ రాసి, కింద సంతకం పెట్టాడు. ఆ రిపోర్టులో ఒక్క మాట మాత్రం నిజం. ఆ సమయానికి ప్రతివాది నిజంగానే ఇంట లేడు, బడ్డీలో ఉన్నాడు.

రెండోసారి తలుపుకి అంటించాల్సిన కాపీ వచ్చింది. అంటించినట్టు రాశాడు. మిగిలిపోయిన కాపీలో కూర్మారావు రెండు మిరపకాయ బజ్జీలు పెట్టి ఇచ్చాడు.

"ఈసారి కాయితం బాగుందిరా. నూనంతా లాగీసింది" అన్నాడు సన్యాసిరావు, వేళ్లు తుడుచుకుంటూ.

వాయిదా రోజున కోర్టు అటెండరు వరండాలోకి వచ్చి ప్రతివాది పేరు మూడుసార్లు కేక పెట్టాడు. సన్యాసిరావు ఆ వరండాలోనే స్తంభానికి ఆనుకుని కట్టలకి దారం చుట్టుకుంటున్నాడు. కేక చెవిన పడింది. 'ఎవుడో పాపం, నా పేరిటోడే. ఇంత అశ్రద్ధ అయితే ఎలాగ?' అనుకుని ముడి బిగించాడు. లోపల పది నిమిషాల్లో పెళ్లి రద్దయింది.

ఈ సంగతి అతనికి మూడు నెలల తరువాత, హెల్త్ కార్డు ఫారం వల్ల తెలిసింది. సూపరింటెండెంటు పట్నాయకుని గారు పిలిపించారు. ఆయన మనుషులతో మాట్లాడినా ఫైలుకి రాస్తున్నట్టే మాట్లాడేవారు.

"సన్యాసిరావ్, ఈ ఫారంలో నువ్వు అసత్య సమాచారం పొందుపరిచినట్టు కనిపిస్తోంది."

"ఏటి సార్?"

"వివాహితుడు అని రాశావు. భార్య పేరు కూడా రాశావు. రికార్డు ప్రకారం నీకు భార్య లేదు."

"అలిగి అప్ప ఇంటికి ఎల్లినాది సార్. ఉన్నాది."

"అది నీ అభిప్రాయం." పట్నాయకుని గారు ఒక రిజిస్టరు తెరిచి వేలు పెట్టారు. "ఇది మన కోర్టు అభిప్రాయం. డిక్రీ తేదీ మార్చి పద్నాలుగు. ఈ మూడు నెలలూ నువ్వు ఆమెని భార్య అనుకుంటున్నావా?"

"అనుకుంతన్నాను సార్."

"ఏ అధికారంతో అనుకున్నావో లిఖితపూర్వకంగా సంజాయిషీ ఇవ్వాలి."

పక్క బల్ల దగ్గరున్న బెంచి క్లర్కు తల ఎత్తి, "పోనీలేవోయ్, మన కోర్టు నీ పేరుకైనా న్యాయం చేసింది" అన్నాడు. ఎవరో నవ్వారు.

"నాకు సమను రానేదు సార్!" అని అరిచాడు సన్యాసిరావు.

అరిచాక, ఆ మాట ఎక్కడో విన్నట్టు అనిపించింది. ఇరవై ఆరేళ్లుగా ఎందరో అతని చొక్కా పట్టుకుని అన్న మాట అదే. ప్రతి ఒక్కరికీ అతను ఒకటే జవాబు చెప్పేవాడు. పట్నాయకుని గారు ఇప్పుడు ఆ జవాబే చెప్పారు.

"రికార్డు చూసుకో."

చూసుకున్నాడు. ముత్యాల్లాంటి దస్తూరీ. ఎవరిదో పోల్చుకోడానికి ఎక్కువసేపు పట్టలేదు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి, తలుపు తియ్యకుండా, పక్కింటివాళ్లని అడిగాడు. "నాకోసం ఎవులైనా ఒచ్చినారా?" అతను ఇరుగుపొరుగుని విచారించడం జీవితంలో అదే మొదటిసారి. "నీకోసం ఎవులొస్తారు బాబూ? రత్నం ఎల్లిపోనాక మీ ఇంటికి కాకి కూడా రాదు" అంది పక్కింటామె. లోపలికి వెళ్లి చూసుకుంటే దండెం మీద అతని చొక్కాలు తప్ప ఏమీ లేవు. ఆమె వెళ్లినప్పటినుంచీ దండెం అలాగే ఉంది. ఇన్నాళ్లూ ఆమె ఊరెళ్లిందని అనుకున్నాడు కాబట్టి దండెం బోసిగా కనిపించలేదు. ఇవాళ కనిపించింది.

మర్నాడు లాయరు శిష్టు కామేశం గారి దగ్గరికి వెళ్లాడు. ఎక్స్‌పార్టీ డిక్రీలు కొట్టేయించడంలో ఆయన ఘనుడు. ఆయన ప్రాక్టీసంతా సన్యాసిరావు రిపోర్టుల మీదే నిలబడిందని కోర్టులో అందరికీ తెలుసు. ఆయన కాగితాలు ముందునుంచి వెనక్కి, వెనకనుంచి ముందుకి తిరగేశారు.

"చట్టంలో రెండే దార్లు ఉన్నాయయ్యా. ఒకటి, నాకు సమను అందలేదు అనడం. అందలేదంటే రిపోర్టు అబద్ధం. రిపోర్టు అబద్ధమైతే నీ ఉద్యోగం పోతుంది."

"రెండోది సార్?"

"అందింది గాని, గట్టి కారణం వల్ల కోర్టుకి రాలేకపోయాను అనడం. ఆ రోజు పదకొండు గంటలకి ఎక్కడున్నావు?"

"కోర్టులోనే ఉన్నాను సార్. వరండాలో."

"కోర్టులో ఉన్నవాడు కోర్టుకి రాలేకపోవడానికి గట్టి కారణం." కామేశం గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ముప్పై రెండేళ్ల ప్రాక్టీసులో నాకు తట్టలేదు. నీకేమైనా తడుతోందా?"

"కట్టలకి దారం సుట్టుకుంతన్నాను సార్" అన్నాడు సన్యాసిరావు.

"మూడో వాదన ఒకటుంది. నువ్వు నిజంగానే మీ ఇంటికి వెళ్లావు. నువ్వు నిజంగానే ఇంట్లో లేవు. నీకూ నీకూ దారిలో భేటీ కాలేదు." ఆయన ఆ మాట తనే ఒకసారి మనసులో అనుకుని చూసుకుని, తల అడ్డంగా ఊపారు. "అసలు ఎందుకయ్యా ఈ డిక్రీ కొట్టించడం? ఆవిడ రాదు, నువ్వు వెళ్లవు. పెళ్లి ఉన్నా ఒకటే, పోయినా ఒకటే గదా?"

సన్యాసిరావు చేతిలో సంచీ పిసికాడు.

"నాను నేకుండా అయిపోనాది సార్. నాకు ఎవులూ సెప్పనేదు. అది కోర్టులో ఏటి సెప్పిందో కూడా నాకు తెలదు."

కామేశం గారు కలం మూత తీశారు. పిటిషన్లో ఉన్నదున్నట్టు రాయించాడు సన్యాసిరావు. 'నేను మా ఇంటికి వెళ్లలేదు. నేను రాసిన రిపోర్టు అబద్ధం.'

ఆ ఒక్క వాక్యం కోర్టుని కుదిపేసింది. మధ్యాహ్నానికల్లా పట్నాయకుని గారి గది నిండిపోయింది. లాయర్లు, గుమాస్తాలు, నాజరు గారు, అందరి ముఖాల్లోనూ ఒకటే భయం. పట్నాయకుని గారు అప్పటికే లెక్క తేల్చారు.

"నాలుగో బీటులో ఇరవై ఆరేళ్లలో నాలుగు వేల నూట పన్నెండు తాళాలు. ఒక తాళం అబద్ధమని తేలితే మిగతా నాలుగు వేల నూట పదకొండు తాళాల పరిస్థితి ఏమిటి? ఆ డిక్రీల కింద పొలాలు చేతులు మారాయి. ఇళ్లు ఖాళీ అయ్యాయి. విడాకులు పుచ్చుకున్నవాళ్లు మళ్లీ పెళ్లిళ్లు చేసుకుని పిల్లల్ని కన్నారు. నీ ఒక్క పెళ్లాం కోసం వాళ్లందర్నీ వీధిలో పెడతావా? నువ్వు మనిషివా, తుఫానువా?"

సన్యాసిరావు తల దించుకున్నాడు. తన జీవితంలో ఇంత పెద్ద పని ఒకటి చేశానని అతనికి అప్పటిదాకా తెలియదు.

నాజరు గారు అతన్ని పక్కకి తీసుకెళ్లి ఒక కాగితం చేతిలో పెట్టాడు. పిటిషన్ తాలూకు నోటీసు, నూకరత్నానికి ఇవ్వాల్సింది.

"పెదమెట్ట కూడా నాలుగో బీటే. నువ్వే ఇవ్వాలి."

"ఇది నా కేసు గదా నాజరు గారూ. నానే ఎలాగిస్తాను?"

"కేసులో పార్టీ అయినవాడు నోటీసు ఇవ్వరాదని నిబంధన ఎక్కడుంది? బీటు ప్రకారం ఇవ్వవలెను అని మాత్రం ఉంది." ఆయన గొంతు తగ్గించాడు. "పిచ్చివాడా, ఇంత ఆలోచిస్తావేం? ఎప్పటిలాగే రాసెయ్. ఇంట లేదు, తాళం వేసి ఉంది, అంటించడమైనది. ఆవిడ రాదు. ఈసారి ఆవిడ ఎక్స్‌పార్టీ అయిపోతుంది. అడ్డు చెప్పేవాళ్లు లేక నీ పిటిషన్ గెలుస్తుంది. నీ రిపోర్టు సంగతి ఎవరూ ఎత్తరు. నీ పెళ్లీ నిలుస్తుంది, నాలుగు వేల డిక్రీలూ నిలుస్తాయి."

నిజమే. ఇంత చక్కటి ఉపాయం సన్యాసిరావుకి తనంతట తనకే తట్టాల్సింది. బడ్డీకి వెళ్లి కూర్చున్నాడు. కూర్మారావు అడక్కుండానే సాక్షి సంతకానికి చెయ్యి తుడుచుకున్నాడు. సన్యాసిరావు నోటీసు తిప్పి 'నేను సదరు గ్రామం వెళ్లి' అని రాశాడు. అక్కడ చెయ్యి ఆగిపోయింది. ఆ నాలుగు మాటలూ రెండుసార్లు చదువుకున్నాడు.

"ఏటయ్యింది? సిరా అయిపోనాదేటి?" అన్నాడు కూర్మారావు.

"కాదు. నాను ఎల్లొత్తాను."

"ఎక్కడికి?"

"సదరు గ్రామం."

పెదమెట్ట పదహారు కిలోమీటర్లు. బస్సు దిగి, జీడితోటల మధ్య మట్టిదారిన నడిచి, అడిగి అడిగి వదినగారి ఇల్లు పట్టుకునేసరికి చొక్కా తడిసి ముద్దయింది. తలుపు నిజంగానే తాళం వేసి ఉంది. సన్యాసిరావు ఆ తాళాన్ని వింతగా చూశాడు. ఇన్ని వేల తాళాలు రాశాడు గాని, ఎండలో ఇంత దూరం వచ్చి తాళం చూస్తే మనిషికి ఎలా ఉంటుందో ఇప్పుడే తెలిసింది. వెనక్కి తిరగబోయి, పక్కింటి అరుగు మీద ముసలమ్మ కనిపిస్తే అడిగాడు. ఆమె ఫ్యాక్టరీ దారి చూపించింది.

పొడుగాటి రేకుల షెడ్డులో ఇరవై మంది ఆడవాళ్లు బల్లల ముందు కూర్చుని పప్పు ఏరుతున్నారు. నూకరత్నం కిటికీ పక్కనుంది. కొంచెం చిక్కింది. అతన్ని చూసింది, మళ్లీ పప్పులోకి చూపు దించింది.

"ఎవులు కావాల?"

"కోర్టు నోటీసు."

"కోర్టోళ్లు రారు గదా. తాళమేసుందని రాసేత్తారు గదా."

"ఇంటికెల్లినాను. నిజంగానే తాళమేసుంది. పక్కింటి ముసలమ్మ ఇక్కడున్నావని సెప్పింది."

ఆమె చేతులు ఆగాయి. "ఆ ముసలమ్మ ఎలాగుంతాది?"

"ఎడం కంట్లో పువ్వేసింది. మేకపిల్లని ఒళ్లో ఎట్టుకుని కూకుంది. దాని కాలికి గుడ్డ కట్టుంది."

నూకరత్నం తలెత్తి అతన్ని మొదటిసారి సరిగ్గా చూసింది. "అయితే ఎల్లినావన్నమాట" అంది, ఎవరో పరాయి మనిషి గురించి వింత వార్త విన్నట్టు.

నోటీసు చేతికి తీసుకోలేదు. "సదువు" అంది. షెడ్డంతా చెవులు రిక్కించింది. సన్యాసిరావు నిలబడి చదివాడు. 'నేను మా ఇంటికి వెళ్లలేదు. నేను రాసిన రిపోర్టు అబద్ధం.'

"అది మల్లీ సదువు."

మళ్లీ చదివాడు. వెనక బల్లల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. నూకరత్నం నవ్వలేదు.

"మా అయ్య సంగతి ఇందులో నేదేటి?"

"లాయరు గారు అది కేసుకి పనికిరాదన్నారు."

"ఆయనకేం తెలుసు? కేసంటే అదే." చేతుల పొట్టు దులుపుకుని, అతని కలంతో గుండ్రంగా సంతకం పెట్టింది. ఇరవై ఐదేళ్లలో సన్యాసిరావు పెట్టించుకున్న మొదటి సంతకం అదే. "వాయిదాకి ఒత్తాను. ఎల్లు."

వాయిదా రోజున కోర్టు హాలు కిటకిటలాడింది. సన్యాసిరావు బోనులోకి ఎక్కి ప్రమాణం చేశాడు.

"నేను మా ఇంటికి..." అని మొదలుపెట్టగానే లాయర్లందరికీ ఒక్కసారిగా దగ్గు వచ్చింది. బెంచి క్లర్కు చేతిలోంచి ఒక కట్ట జారిపడింది. జడ్జిగారు చెయ్యెత్తారు.

"ఆగండి. అవతలి పక్షం వాదన ముందు తెలుసుకుందాం. అమ్మా, ఈ డిక్రీ కొట్టేయడానికి మీకు అభ్యంతరం ఉందా?"

"నేదు బాబూ" అంది నూకరత్నం. "కొట్టీండి."

హాలంతా ఊపిరి పీల్చుకుంది. సన్యాసిరావు చొక్కా సర్దుకున్నాడు. 'ఒచ్చీస్తన్నాది' అనుకున్నాడు.

"అంటే మీరు భర్తతో రాజీ పడుతున్నట్టేనా?"

"రాజీ ఏటి బాబూ? కేసు మొదట్నుంచి నడపండి. విడాకులు నాకు కావాల. కాని ఈ మనిషి నేకుండా తీసుకుంటే నాకేటి లాభం? ఉండి కూడా నేకుండా బతికినాడు. ఈసారి ఎదురుగుండా నిలబెట్టండి. నాను సెప్పేది ఒకపాలి పూర్తిగా ఇన్నాక ఇప్పించండి."

సన్యాసిరావు బోను చట్రం పట్టుకున్నాడు. జడ్జిగారు మాత్రం అపారమైన కృతజ్ఞతతో ఉత్తర్వు చెప్పి రాయించారు. "ఎదుటి పక్షానికి అభ్యంతరం లేనందున, సమను అందినదా లేదా అను వివాదములోనికి ప్రవేశించవలసిన అగత్యము ఈ న్యాయస్థానమునకు కలుగలేదు. డిక్రీ రద్దు చేయడమైనది."

నాలుగు వేల నూట పన్నెండు తాళాలూ క్షేమంగా ఉన్నాయి. జరిగినదాని నుంచి ఆఫీసు పాఠం కూడా నేర్చుకుంది. వారం తిరక్కుండా పట్నాయకుని గారి సంతకంతో సర్క్యులర్ వెలువడింది. "ప్రాసెస్ సర్వర్లు తమకు తామే సమను ఇచ్చుకొనవలసి వచ్చినప్పుడు, తమ వద్ద నుండి తాము రసీదు రెండు ప్రతులలో పొందవలెను. తాము నిరాకరించిన యెడల ఆ విషయమును తాము ధ్రువీకరించవలెను."

కేసు మొదట్నుంచి మొదలైంది. వాయిదా మీద వాయిదా. ఒకరోజు జడ్జిగారు సెలవు, ఒకరోజు లాయర్ల బహిష్కరణ, ఒకరోజు కరెంటు లేదు. సన్యాసిరావు ఒక్క వాయిదా తప్పలేదు. ప్రతిసారీ సెలవు పెట్టి, ఉతికిన చొక్కా వేసుకుని, పదిన్నరకే ప్రతివాదుల బల్ల మీద కూర్చునేవాడు. అటెండరు కేక పూర్తి కాకముందే "ఉన్నాను" అనేవాడు. మిగతా రోజుల్లో నిజంగా ఊళ్లు తిరగడం మొదలుపెట్టాడు. ఎక్కువ ఇళ్లకి తాళాలు లేకపోవడం చూసి నొచ్చుకున్నాడు. సమన్లు అందిన జనం కోర్టుకి రావడం మొదలుపెట్టేసరికి కేసులు తేలడం మందగించి, కోర్టు జిల్లాలో ఆఖరి స్థానానికి పడిపోయింది. పట్నాయకుని గారు అతనికి మెమో ఇచ్చారు.

ఏడో వాయిదాకి నూకరత్నం సాక్ష్యం చెప్పింది. గంటంబావు. ఆసుపత్రి సంగతికి వచ్చేసరికి జడ్జిగారి వైపు తిరిగింది.

"పక్క మంచమోళ్లని అడిగినానన్నాడు బాబూ. పక్క మంచం నేదు. ఖాళీ నేదని మా అయ్యని వరండాలో నేల మీద పండబెట్టినారు. అక్కడికి ఎవులైనా ఒత్తారేమోనని నాలుగో రోజు పంపించీసేదాకా గేటుకేసి సూసినాడంట. ఇంటికొచ్చినాక మాత్రం అల్లుడు మంచోడన్నాడు. నా ముందర ఈయన పరువు కాసినాడు."

కామేశం గారు క్రాసు ప్రశ్నలకి లేవబోయారు. సన్యాసిరావు ఆయన నల్లగౌను కొస పట్టుకున్నాడు.

"ఒద్దు సార్. అడగడానికి ఏటీ నేదు. అంతా నిజమే."

జడ్జిగారు తీర్పుకి ముందు ఆఖరి మాట కోసం ఇద్దరూ ఇరవై మూడున హాజరు కావాలన్నారు.

ఇరవై మూడున నూకరత్నం రాలేదు. మధ్యాహ్నం మూడు దాటాక అటెండరు మూడుసార్లు పిలిచాడు. ఆమె లాయరు కూడా వేరే ఊళ్లో ఉన్నాడు. జడ్జిగారు గడియారం చూసుకున్నారు.

"ప్రతివాదీ, చట్టప్రకారం రెండే మార్గాలు. ఆమె కోరినది నువ్వు ఒప్పుకుంటే ఇప్పుడే విడాకుల డిక్రీ ఇస్తాను. ఒప్పుకోకపోతే, ఆమె హాజరు కాలేదు కనుక కేసు కొట్టేస్తాను. నీ పెళ్లి నీకు ఉంటుంది."

కామేశం గారు మోచేత్తో పొడిచారు. "ఒప్పుకోనను. అయిపోయింది. ఇంటికి పోదాం."

సన్యాసిరావు లేచాడు.

"అయ్యా, ఏదీ సెయ్యకండి. ఆవిడ నేకుండా ఏదీ సెయ్యకండి. ఆవిడ కావాలని రావడం మానీ మనిషి కాదు. నాను ఎల్లి తీసుకొత్తాను."

హాలు నిర్ఘాంతపోయింది. తన మీద వేసిన విడాకుల కేసు కొట్టేయవద్దని మొగుడు బతిమాలడం ఆ కోర్టు ఎన్నడూ చూడలేదు. జడ్జిగారు గడియారం మళ్లీ చూసి, "నాలుగున్నర వరకు" అన్నారు.

అతను బస్సు కోసం ఆగలేదు. ఆటో ఎక్కాడు, రైల్వే గేటు పడితే దిగి నడిచాడు, షెడ్డులోకి ఆయాసపడుతూ వచ్చి పడ్డాడు. నూకరత్నం బిత్తరపోయింది. వాయిదా ముప్పయ్యో తేదీకి మారిందని లాయరు గుమాస్తా ఆమెకి ఫోనులో చెప్పాడట. ఇద్దరూ మరో ఆటోలో వెనక్కి వచ్చారు. గేటు మళ్లీ పడింది. కోర్టు మెట్లు ఎక్కేసరికి అయిదుకి పది నిమిషాలు. హాల్లో పంకాలు ఆపేశారు. నోటీసు బోర్డు మీద సిరా ఆరీ ఆరని ఒక లైను ఉంది. పిటిషనరు గైర్హాజరు, కేసు కొట్టివేయడమైనది.

నూకరత్నం బోర్డు ముందు నిలబడిపోయింది. సన్యాసిరావుకి ఆమె ముఖం చూసే ధైర్యం లేకపోయింది.

"బెంగెట్టుకోకు. ఇది కూడా కొట్టించొచ్చు. పిటిషన్ ఎయ్యాల. ముప్పై రోజులు టైముంది. నోటీసు నాకొత్తాది. నాను తీసుకుంతాను. ఒట్టు."

"ముప్పై రోజుల్లో ఎయ్యకపోతే?"

"పెళ్లి ఉండిపోతాది" అన్నాడు, నేరం ఒప్పుకుంటున్నట్టు.

ఆమె బస్టాండు వైపు నడిచింది.

ఆ ముప్పై రోజులూ సన్యాసిరావు నాజరు గారి బల్ల మీద వచ్చిన ప్రతి కాగితం మీదా పేరు చదివాడు. తన పేరు రాలేదు. ముప్పయ్యో రోజు మధ్యాహ్నం నూకరత్నం కోర్టు వరండాలో కనిపించింది, చేతిలో ఒక దరఖాస్తు పట్టుకుని. అతను దగ్గరికి వెళ్లాడు. చెయ్యి చాచాడు.

"ఇలాగియ్యి. నోటీసు రాకముందే సంతకం ఎట్టీగలను."

"నీకు కాదు" అంది. దరఖాస్తు రికార్డు గుమాస్తాకి ఇచ్చింది. కేసులో సాక్ష్యంగా దాఖలు చేసిన తన పెళ్లిఫొటో తనకి వాపసు ఇప్పించమని అందులో ఉంది. ఆమె దగ్గర ఉన్నది ఆ ఒక్కటే.

గుమాస్తా గంటసేపు వెతికి, రెండు రిజిస్టర్లలో సంతకాలు పెట్టించి, ఫొటో ఇచ్చాడు. ఇద్దరూ కిటికీ వెలుతురులోకి జరిగి చూశారు. నూకరత్నం పసుపు చీరలో చక్కగా ఉంది. కోర్టువారి గుండ్రటి సీలు మాత్రం సరిగ్గా పెళ్లికొడుకు ముఖం మీద పడింది. బాసికం కొస తప్ప ఏమీ కనిపించడం లేదు.

"అయ్యో" అన్నాడు సన్యాసిరావు. "నాను పోనాను."

నూకరత్నం ఫొటో పైట కొంగుతో తుడిచి సంచిలో పెట్టుకుంది.

"పోతే పోనాది. మనిషి ఎదురుగుండా ఉన్నాడు గదా" అంది. "పద, బస్సు ఎల్లిపోతాది. అప్ప ఇంటికాడ నా బట్టలున్నాయి. మోయడానికి నువ్వు రావాల."